మూడు జాకెట్ల గ్యారంటీ

నర్సీపట్నంలో ఒక స్కూలు లైబ్రరీకి మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని మధ్యాహ్నం పన్నెండు లోపు రమ్మని ఫోన్ వచ్చింది. ఆలస్యమైతే తర్వాతి పేరు పిలుస్తారట. మాది అనకాపల్లి. ఒక్కదాన్నే బస్సెక్కి అంత దూరం వెళ్లడం ఇదే మొదలు.

ఉదయం ఏడుంపావుకి బస్సు. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చారు. మీరూ వెళ్లేటట్టయితే కార్డు చేతిసంచిలో అందేలా పెట్టుకోండి. పదికల్లా చేరతామా అని ఆయన్ని అడగడానికి నాకు చోడవరం దాకా ధైర్యం చాల్లేదు. "గ్యారంటీ అమ్మా" అన్నారు, టికెట్లు కొడుతూనే.

ఆ మాట మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మా మిక్సీ గ్యారంటీ కార్డుని నాన్న బీరువాలో రెండేళ్లు దాచారు. తీరా మిక్సీ కాలిపోతే, కార్డు మీద షాపు ముద్ర లేదు, చెల్లదన్నారు. చోడవరంలో దువ్వెనలమ్మే ఆయన బస్సెక్కి, దువ్వెనని విల్లులా వంచి చూపించి, పన్ను ఊడితే గ్యారంటీ అన్నాడు. బస్సు కదలగానే దిగిపోయాడు. పన్ను ఊడితే ఆయన్ని ఎక్కడని వెతకాలి?

రావికమతంలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చున్నారు. పేరు వరలక్ష్మి, ఊరు కృష్ణదేవిపేట. చేతిలో పసుపు సంచి. నాదీ అదే సంచి. చోడవరంలో ఒక బట్టల షాపు వాళ్లు ఇచ్చేది. మా వైపు ఏ ఇంట్లో చూసినా మేకుకి అది ఒకటి వేలాడుతూనే ఉంటుంది, పెళ్లిబట్టల నుంచి పెన్షన్ కాగితాల దాకా అందులోనే ప్రయాణం చేస్తాయి. రెండు సంచులూ కాళ్ల దగ్గర పక్కపక్కన పెట్టుకున్నాం.

ఆవిడే మాట్లాడారు, నేను వింటూ కూర్చున్నాను. గురువారం ఆడపడుచు కూతురి పెళ్లి. జాకెట్లు కుట్టడానికిస్తే రావికమతం టైలరు బుధవారం గ్యారంటీ అని మూడు వారాలు తిప్పి, ఇవాళ ఇచ్చాడట. "బుధారమన్నాడు గానీ ఏ బుధారమో సెప్పలేదు" అన్నారు. నవ్వాను. కండక్టర్‌ని అడిగింది తప్ప, అంత దూరంలో నేను నోరు తెరిచింది అప్పుడే.

తొమ్మిదిన్నరకి నర్సీపట్నం. ఆవిడ బేగి దిగి ఆటో స్టాండు వైపు వెళ్లిపోయారు. బస్సు కాంప్లెక్సు ఎదుట హోటల్లో ఇడ్లీ చెప్పి, సర్టిఫికెట్లు ఒకసారి చూసుకుందామని సంచి తెరిచాను. మూడు జాకెట్లు. పైదాని వీపు మీద జరీ నెమలి.

ఇడ్లీ అలాగే వదిలేసి స్టాండుకి పరుగెత్తాను. అక్కడ అందరూ మగవాళ్లే. మామూలుగా అయితే వెనక్కి తిరిగిపోయేదాన్ని. నెమలి జాకెట్టు చేతిలో పట్టుకునే ఆటోల సీరియల్ రాసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన్ని అందరూ సన్యాసిరావు గారంటున్నారు. కృష్ణదేవిపేట బండి వెళ్లి పావుగంటయిందన్నారు. నోట్సులో పేరు చూసి డ్రైవర్‌కి ఫోన్ కలిపారు. వరలక్ష్మి గారు ఇంకా సంచి తెరవనే లేదు.

ఈ స్టాండులో ఒక పద్ధతుంది. టిఫిన్ క్యారేజీలైనా మందులైనా ఎదురొచ్చే ఆటోకి అందించేస్తారు. సంచీ అలాగే పంపమన్నారు సన్యాసిరావు గారు. సర్టిఫికెట్లు చేతులు మారకూడదు, నేనే తెస్తానని ఆవిడ దారిలో దిగిపోయారట.

"నిజంగా వస్తారంటారా అండీ?"

"గ్యారంటీగా వత్తాది. నువ్వు కూకో."

నాకు మా మిక్సీ గుర్తొచ్చింది. జాకెట్లు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. పదిన్నర. పదకొండుకి పది తక్కువ. ఆటో వచ్చినప్పుడల్లా లేవడం, కూర్చోవడం. సన్యాసిరావు గారు టీ తెప్పించారు గానీ చల్లారిపోయింది.

పదకొండుంపావుకి ఆవిడ ఆటో దిగారు. "ముందు నీ కాయితాలు లెక్కెట్టుకో" అన్నారు. అన్నీ ఉన్నాయి. ఆవిడ రారేమోనని భయపడ్డానని, ఎందుకో, చెప్పేశాను.

"నీ సదువంతా నా సంచిలో ఉంది, మా పెళ్లి జాకెట్లు నీ ఒళ్లో ఉన్నాయి. ఇంకేటి గ్యారంటీ కావాలమ్మా నీకు?"

ఆటో డబ్బులిస్తే తీసుకోలేదు. నంబరు ఇచ్చి, గురువారం పెళ్లికి గ్యారంటీగా రమ్మన్నారు. అవునో కాదో తెలియకుండా తలూపాను.

పన్నెండుకి పది నిమిషాలుండగా స్కూల్లో ఉన్నాను. గుమస్తా ఒక్కో కాగితం చూసి, జిరాక్సులు ఉంచుకుని, ఒకటో తారీఖున చేరమన్నారు. లైబ్రరీ గదిలో రెండు బీరువాలున్నాయి, ఒకదానికి తాళంచెవి లేదట. దాని అద్దంలోంచి పుస్తకాల పేర్లు చదువుతూ కాసేపు నిలబడ్డాను.

భోజనం చేసి, టైముంది కదా అని షేర్ ఆటోలో బలిఘట్టం శివాలయానికి వెళ్లాను. దర్శనమయ్యాక ఏటి ఒడ్డున కూర్చున్నాను. సర్టిఫికెట్లు పక్కనే ఉన్నాయి. అయినా రెండుసార్లు తీసి చూశాను.

నాలుగింటికి తిరుగు బస్సు. ఎవరు పిలిచినా "చూద్దాం" అనడం నాకు అలవాటు. అందులో వెళ్లకపోవడమే ఎక్కువ. బస్సు రావికమతంలో ఆగినప్పుడు ఫోన్ తీసి, "గురువారం గ్యారంటీగా వస్తాను" అని వరలక్ష్మి గారికి రాసి పంపాను.

చోడవరం రాకముందే వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల పెళ్లివారి సందడి.

"రా తల్లీ. ఆ పసుపు సంచి మాత్రం ఇంటికాడ ఒగ్గేసి రా."