క్లచ్ లేని బండిలో గుంటూరు నుంచి పొదిలి దాకా

మా అమ్మాయి కారు నడిపిందండీ! గుంటూరు నుంచి పొదిలి దాకా, నూట అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా, స్టీరింగు ఇంకొకరి చేతికి ఇవ్వకుండా తనే నడిపింది. మళ్లీ ఇంటికీ తనే తీసుకొచ్చింది. నిన్ననే వచ్చాం. నాకింకా కాలూ చెయ్యీ ఆడటం లేదు. చుట్టాలకంటే ముందు మీకే చెబుతున్నాను. ఎడమ కాలు పోగొట్టుకున్న వాళ్లు మీ ఇళ్లల్లోనూ ఉండవచ్చు, వాళ్లకూ ఎక్కడికో వెళ్లాలని ఉండవచ్చు. వాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం మా పద్మా, అల్లుడు శీనూ పాత కారులో ఒంగోలు నుంచి పొదిలి వెళ్తున్నారు. పొదిలి అల్లుడి ఊరు. ఆ రోజు బండి నడుపుతున్నది పద్మే. తనకు నడపడం నేర్పింది కూడా శీనే. చీమకుర్తి దాటాక ఒక మలుపులో గ్రానైటు రాయి వేసుకున్న లారీ చెడిపోయి రోడ్డు మీదే ఆగిపోయి ఉంది. వెనక లైటు లేదు. లారీ ఆగిపోతే వెనక నాలుగు కొమ్మలు విరిచి పడెయ్యడం మన రోడ్ల మీద అందరూ చేసే పని, ఆ పనీ ఎవరూ చెయ్యలేదు. శీను అక్కడికక్కడే పోయాడు. పద్మకు ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. పెద్దకర్మ నాడు మా వియ్యపురాలు రత్తమ్మ నలుగురిలో ఒక్క మాట అంది. "నా కొడుకు నేర్పిన విద్యే నా కొడుకుని పొట్టన పెట్టుకుంది" అని. ఆసుపత్రి మంచం మీదున్న పద్మకు ఆ మాట ఎవరో మోసుకొచ్చారు. అప్పట్నుంచి ఆవిడ మా గడప తొక్కలేదు, ఫోను ఎత్తలేదు. ఏడేళ్ల మనవరాలు హారికను కూడా చూడలేదు.

రెండు నెలల కిందట పద్మ ఉన్నట్టుండి, "నాన్నా, అత్తయ్య దగ్గరికి వెళ్లాలి" అంది. బస్సులో వెళ్దాం తల్లీ అన్నాను. "బస్సులో వద్దు. ఆ రోజు నేనే నడిపాను కదా. ఆ రోడ్డు మీదే, నేనే నడుపుకుంటూ వెళ్లి ఆమె ఎదురుగా నిలబడాలి. తలుపు వేసుకుంటే వేసుకుంటుంది." ఒక కాలితో క్లచ్చూ బ్రేకూ ఎట్లా తొక్కుతావని అడగలేక, మర్నాడే మెకానిక్కు దగ్గరికి వెళ్లాను.

గుంటూరులో మెకానిక్కు మస్తాను నాకు అన్న కొడుకు లాంటివాడు. వాడే విజయవాడలో ఒక డాక్టరుగారు వాడిన డీజిల్ కారు వెతికి పట్టాడు. వెనక భాగం పొడుగ్గా ఇల్లులాగా ఉంటుంది, పైన సామాను కట్టుకోవడానికి కమ్ములుంటాయి, వెనక సీటు మడిస్తే మంచమంత జాగా. కింద చూస్తే రెండే పెడళ్లు. "రెండు క్లచ్‌లున్నాయి బాబాయ్ దీంట్లో" అన్నాడు. రెండుంటే ఇంకా కష్టం కదరా అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. "అవి లోపలుంటాయి. చేదబావిలో నీళ్లు తోడతావు చూడు, ఒక చెయ్యి తాడు లాగుతుంటే రెండో చెయ్యి పైన పట్టుకునే ఉంటది. అట్టాగే. ఒక గేరు పోతుంటే తర్వాతది తయారుగా ఉంటది. అక్కకి కుడికాలుంటే చాలు." ఆ మాటకు నేను వాడి రెండు చేతులూ పట్టుకున్నాను. ఆటోగేరు బండికని పద్మ లైసెన్సు మార్పించుకోవడానికి నాలుగుసార్లు రవాణా ఆఫీసు చుట్టూ తిరిగాం. తర్వాత మూడు వారాలు తెల్లవారుజామున ఊరి బయట ఖాళీ రోడ్ల మీద నేర్చుకుంది.

నిన్న ఉదయం ఆరింటికి బయలుదేరాం. ముందు రోజే రెండు వేలకు డీజిలు కొట్టించాను, పోనూ రానూ సరిపోయి ఇంకా మిగిలింది. మా ఆవిడ రానంది. "ఇంట్లో దేవుడి ముందు కూర్చుంటాను, ఊరూరికీ ఫోన్ చెయ్యండి" అంది. హారిక వెనక ఎక్కింది, నేను ముందు కూర్చున్నాను. ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. కళ్లంలో కాయ ఎండగానే ఏడాది కారానికి సరిపడా మిరపకాయలు వియ్యాలవారింటికి పంపడం మా పద్ధతి. రెండేళ్లుగా పంపడానికి మొహం చెల్లలేదు. ఈసారి మంచి కాయ ఏరి, బస్తాకు కట్టి, బండి వెనక పెట్టేశాను. అద్దాలు మూసి ఏసీ వేసిన పావుగంటకు హారిక తుమ్మడం మొదలుపెట్టింది.

"తాతయ్యా, కళ్లు మండుతున్నాయ్!"

"గుంటూరు పిల్లవి, మిరపకాయకు భయపడతావే?" అంటూ నేనూ దగ్గాను.

"నాన్నా, ఇది డిక్కీ కాదు. మధ్యలో గోడ లేదు. మనం కూర్చున్న గదిలోనే కాయలు పెట్టావ్" అని పద్మ నవ్వుతూ, దగ్గుతూ అద్దాలు దించింది. రెండేళ్లలో పద్మ నవ్వు విన్నది అప్పుడే.

చిలకలూరిపేటలో రోడ్డు పక్క హోటలు ముందు ఆపాం. ఇడ్లీ ప్లేటు పన్నెండు రూపాయలు, అల్లం చట్నీ బాగుంది. వెనక తలుపు ఎత్తగానే పొయ్యి దగ్గరున్న వంటాయన ముక్కు మూసుకుని, "ఏంది పెద్దాయనా, మిరప యార్డు మొత్తం కారులో ఎత్తుకొచ్చావా?" అన్నాడు. "బుద్ధి గడ్డి తిన్నదయ్యా, కాస్త ఒక చెయ్యి వెయ్యి" అన్నాను. ఇద్దరం కలిసి బస్తాను పైన కమ్ములకు తాడేసి బిగించాం. ఆయన పద్మ దిగడం చూశాడు, చేతికర్ర చూశాడు, స్టీరింగు వైపు చూశాడు. హారిక ప్లేటులో ఇంకో రెండు ఇడ్లీలు వేసి డబ్బులు వద్దన్నాడు.

అక్కడినుంచి ఒంగోలు దాకా నాలుగు వరసల రోడ్డు, నున్నగా ఉంది. టోలు గేటుకు చిల్లర చేతిలో పెట్టుకోండి. రోడ్డుకు రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, పత్తిచేలల్లో ఆఖరి తీత నడుస్తోంది. మా ఆవిడ ఫోను.

"ఎక్కడా?"

"మార్టూరు దాటాం."

"అదే నడుపుతోందా?"

"అదే."

"ఎంత స్పీడు?"

"డెబ్బై."

"అరవై చాలని చెప్పండి!"

పద్మ అరవైకి తగ్గించింది. వాళ్లమ్మ మాట ఏనాడూ ఇంత త్వరగా వినలేదు.

తొమ్మిదింబావుకు ఒంగోలు చేరాం. కాఫీ తాగుదామని ఆపితే పద్మ పెట్టుడుకాలు విప్పి, మోకాలి కింద తువ్వాలుతో రుద్దుకుంటోంది. చర్మం కందిపోయి ఉంది. "ఆ కాలితో పనే లేదు కదమ్మా, ఎందుకు నొప్పి?" అన్నాను. తను తువ్వాలు మడుస్తూ, "బండి గేరు మార్చుకున్నప్పుడల్లా లేని కాలు క్లచ్ తొక్కుతోంది నాన్నా" అంది. నేను కాఫీ తాగలేకపోయాను. తిరిగి వెళ్లిపోదామా అని కూడా అడిగాను, దాచిపెట్టడమెందుకు. తను కాలు తగిలించుకుంది.

ఒంగోలు నుంచి చీమకుర్తి ఇరవై కిలోమీటర్ల పైన. అక్కడ్నుంచి రోడ్డంతా లారీలదే. ఒక్కొక్క లారీ మీద ఒక్కొక్క రాయి గదంత ఉంటుంది. తెల్లని దుమ్ము. పద్మ రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్న పట్టుకు వేళ్లు పాలిపోయాయి. ఊరు దాటాక ఆ మలుపు వచ్చింది. పక్కకు తీసి ఆపింది. ఇంజను ఆపలేదు. తల స్టీరింగు మీద పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కారం ఘాటని చెప్పుకుందామంటే బస్తా అప్పటికే పైకెక్కింది.

పక్కన టీబంకు. అందులోంచి ఒకాయన వచ్చి అద్దం తట్టాడు. "ఇక్కడ ఆపమాకండి సార్, చెడ్డ మలుపు. రెండేళ్ల నాడు ఒక కుర్రోడు పోయాడు. ఆ బండి నడిపింది ఆడమనిషేనంట."

నేను కసిరేలోపు పద్మ తలెత్తి, "అవునన్నా. నేనే" అంది.

ఆయన గబగబా పోయి తుమ్మచెట్టుకు మూడు కొమ్మలు విరుచుకొచ్చి, మా బండి వెనక వరసగా రోడ్డు మీద పెట్టాడు. "ఎంతసేపైనా ఉండమ్మా. నేను లారీలకు చెయ్యి చూపిస్తా" అని ఎండలో నిలబడ్డాడు. పది నిమిషాలయ్యాక పద్మ కళ్లు తుడుచుకుని బండి కదిలించింది.

పొదిలి చేరేసరికి పదకొండున్నర. రత్తమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. మనిషి సగమైపోయింది. బండి ఆగినా చేట ఆపలేదు. హారిక దిగి, "నానమ్మా" అని దూరంగానే నిలబడిపోయింది. అప్పుడు చేట కింద పెట్టి, పిల్లను కాదు, బండిని చూసింది.

"ఎవరు నడిపారు?"

"మా అమ్మ."

పద్మ తలుపు పట్టుకుని లేచి నిలబడింది. "నేనే నడుపుకుంటూ వచ్చానత్తయ్యా. ఆ రోజూ నేనే. రమ్మంటే లోపలికి వస్తాను. లేదంటే ఇట్నుంచి ఇటే పోతాను."

రత్తమ్మ చూపు పద్మ కాలి మీద ఆగింది. "నొప్పిగా ఉంటదా?" అంది.

"ఉంటది అత్తయ్యా."

"నా కొడుకు పోయిన చోటు నేనింతవరకూ చూళ్లేదు. ఎవర్నడిగినా ఇప్పుడెందుకులే అంటారు. బస్సులో పోయేటప్పుడు అన్ని మలుపులూ అదేననుకుంటా కూర్చుంటా. నువ్వు చూపించు."

"చెల్లెమ్మా, పిల్ల అలిసిపోయింది. ఆటో మాట్లాడుకుని మనిద్దరం..." అని నేనేదో అనబోయాను.

"అన్నయ్యగారూ, మీరు కాసేపు ఊరుకోండి. అదే నడపాల" అంది. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, ముందు తలుపు తీసుకుని పద్మ పక్కన కూర్చుంది. ఆ రోజు శీను కూర్చున్న వైపే. నేనూ హారికా వెనక ఎక్కాం.

మలుపు దగ్గర బండి ఆపి, దిగి, పద్మ "ఇక్కడే" అంది. రత్తమ్మ దిగి, రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, కాగుతున్న తారు మీద అరచెయ్యి ఆనించింది. "ఆఖర్న ఏమన్నాడే?" అని అడిగింది.

పద్మ నా వైపు చూసింది. రెండేళ్లలో నాకు కూడా చెప్పని మాట అది. "‘అమ్మ తినకుండా కూర్చుని ఉంటది’ అన్నాడత్తయ్యా. అంతవరకే."

"కూర్చునే ఉన్నానే" అంది రత్తమ్మ. "అన్నం చల్లారిపోయినా కూర్చునే ఉన్నా." అని పద్మ కాళ్లు పట్టుకుని, ఆ పెట్టుడుకాలికి తల ఆనించి గొల్లుమంది. లారీలు మమ్మల్ని తప్పించుకుంటూ మెల్లగా పోతున్నాయి.

తిరిగి పొదిలి వెళ్లి, మిరపకాయల బస్తా వాళ్లింట్లో దించి, ఆవిడ చేతి పప్పన్నం తిన్నాం. పద్మకు ఆవిడ తనే వడ్డించింది. మూడింటికి బయలుదేరితే ఏడింటికల్లా గుంటూరులో ఉన్నాం. మా ఆవిడ వీధిలోనే నిలబడి ఉంది.

సంతోషమా అంటే చెప్పలేనంత సంతోషం. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. కూతురికి రోడ్డు తిరిగి వచ్చింది, అల్లుడు రాడు. రత్తమ్మకు కోడలు తిరిగి వచ్చింది, కొడుకు రాడు. నూట అరవై కిలోమీటర్లు నడిపినందుకు ఇంత సంబరపడుతున్నానంటే, అంతకుముందు మా ఇంట్లో ఎంత పోయిందో మీకు తెలుస్తూనే ఉంటుంది. ఈ మధ్య నాకు చిన్న సంతోషాలు కూడా బరువుగానే ఉంటున్నాయి. మోయలేక ఇట్లా మీకు పంచుతున్నాను. ఇలాంటి బండిలో ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: చీమకుర్తి దగ్గర లారీల వెనక బండిని అంగుళం అంగుళం పాకించకండి, లోపలి క్లచ్‌లు వేడెక్కుతాయని మస్తాను మరీ మరీ చెప్పాడు. బ్రేకు తొక్కి ఆగండి, ముందు బాగా ఖాళీ అయ్యాక ఒకేసారి కదలండి.

ఇక చెప్పాల్సిన వాళ్లు. అద్దంకిలో మా పెద్దక్క, చెవులు వినపడవు, ఇంటికి వెళ్లి చెప్పాలి. నరసరావుపేట బావమరిది, ఈ కారు వద్దని మొత్తుకున్నవాడు, వాడికి రెండుసార్లు చెప్పాలి. తెనాలి తోడల్లుడు. బాపట్లలో మేనకోడలు, ఆసుపత్రిలో నెల రోజులు పద్మ మంచం పక్కనే పడుకున్న పిల్ల. దర్శిలో శీను మేనమామ. చుట్టం కాకపోయినా మస్తాను. పొదిలిలో రత్తమ్మకు చెప్పక్కర్లేదు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని చూసింది.