మసి గోడ

కొండ మీది పాత కోటకు నీళ్లు మోసేది ఆమె ఒక్కతే. భుజాన కావడి, రెండు డబ్బాలు, ఆరువందల మెట్లు. మరమ్మతులకు సున్నం కలపాలన్నా, చూడవచ్చినవాళ్ల గొంతు తడవాలన్నా ఆ నీళ్లే. అందరికీ ఆమె నీళ్లక్క.

ఎక్కేకొద్దీ కాలాలు మారతాయి. అడుగున ఏ రాజో పేర్పించిన బండలు, వాటిపైన మరొకడి ఇటుకలు, ఆపైన ఇంకొకడి సున్నపు పూత. చిట్టచివర, కప్పులేని గదిలో, గోడంతా మసి. మంట వెళ్లిపోతూ తన నీడను మరిచిపోయినట్టు.

"అయిదువందల ఏళ్ల కిందట శత్రువులు పెట్టిన నిప్పండీ ఇది" అన్నాడు గైడు, వెంట వచ్చినవాళ్లతో.

"ఎంతమంది చచ్చారో పాపం" అందొకావిడ.

ఈ పనిలో చేరిన పదేళ్లుగా మింగిన మాట ఆ రోజు నీళ్లక్క గొంతు దాటింది.

"ఎవరూ చావలేదమ్మా. ఆ మూల నేను పుట్టాను. అది మా అమ్మ పొయ్యి మసి."

"రాణీగారివని ఇన్నాళ్లూ చెప్పలేదే అక్కా" అని గైడు నవ్వించాడు.

"రాణులకి మసెక్కడిదిరా? వాళ్లెప్పుడైనా పొయ్యి ఊదారా?"

ఒకప్పుడు ఆ శిథిలాల్లో రాళ్లు కొట్టేవాళ్ల కుటుంబాలు పదకొండు ఉండేవి. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు సర్కారువాళ్లు అందర్నీ దించేసి గేటుకు తాళం వేశారు. మసి గోడ పక్కన పెట్టిన బోర్డు మీద శత్రువుల నిప్పే తప్ప వాళ్ల ఊసే లేదు.

ఆ మాట చెవిన పడి, మర్నాడు కోటను చూసుకునే ఆఫీసరు ఎక్కివచ్చాడు. ముందు ఆమె తెచ్చిన నీళ్లు తాగి, ఆనక రుజువేమిటన్నాడు. ఆమె మసిలో వేలు పెట్టి తుప్పుపట్టిన మేకును చూపింది.

"మా అమ్మ గరిటె తగిలించేది దీనికే."

ఆయన వంగి చూశాడు. నమ్మాడు.

"అయితే ఇది చరిత్ర కాదన్నమాట" అని గైడు వైపు తిరిగాడు. "బోర్డు తీయించు. ఈ మురికి కడిగించు. అమ్మా, రేపు రెండు కావళ్లు ఎక్కువ తే."

"మురికా? తగలబెట్టినోడిదైతే దాచుకుంటారు, వండిపెట్టినామెదైతే కడిగేస్తారా సారూ?"

"రూల్సమ్మా."

ఆమె నిండు డబ్బాలు రెండూ మెట్ల మీద బోర్లించింది. పూత మీంచి, ఇటుకల మీంచి, బండల మీంచి నీళ్లు చప్పుడు చేసుకుంటూ దిగిపోయాయి.

"నీ పని పోతుంది" అన్నాడాయన.

"పోనీండి. దీన్ని కడిగే చుక్క నా భుజమ్మీద మాత్రం ఎక్కదు. మీరే మోసుకోండి."

కావడిబద్దను ఆయన కాళ్ల ముందు పడేసి, దడదడా మెట్లు దిగింది. ఆఫీసరు గైడును చూశాడు. గైడు మెట్లను చూశాడు. ఎండ నెత్తికెక్కింది. బద్ద కోసం ఎవరూ వంగలేదు.