ఆరు, మూరు, నూరు

నా బల్ల మీదున్న ఆంప్లిఫయరు బోర్డు పొడవు యాభై నాలుగు మిల్లీమీటర్లు, బరువు పదకొండు గ్రాములు. నడుమ గోరంత చిప్పు. పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలించి, రెండు స్పీకర్లతో గంటసేపు పాటలు పెట్టి, చిప్పు మీద వేలు ఆనించాను. గది వేడి ముప్పై ఒక్క డిగ్రీలు, చిప్పుది ముప్పై తొమ్మిది. వేలికి అది వేడిగా తోచనే లేదు. ధర ఒక పూట భోజనానికి అయ్యేదానికంటే తక్కువ. శబ్దం శుభ్రంగా ఉంది. ఎవరైనా సంతోషించవలసిన చోట నాకు అనుమానం కలిగింది. ఆ అనుమానం నేను పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. ఆదోనిలో మైకుసెట్ల దుకాణం నడిపిన గఫార్ సాబ్ దగ్గర అబ్బింది.

ఎనభైల మధ్యలో, పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసి ఆయన దగ్గర మూడేళ్లు పనిచేశాను. ఆయన సైన్యంలో వైర్‌లెస్ పని చేసి వచ్చినవాడు. సర్క్యూటు బొమ్మను నాకంటే వేగంగా చదివేవాడు, ఆ సంగతి నలుగురికీ చెప్పుకునేవాడు కూడా. దుకాణంలోకి వచ్చిన ప్రతి వస్తువూ దొంగదేనన్న ఊహతో మొదలుపెట్టడం ఆయన పద్ధతి. బెంగళూరు నుంచి నేను తెచ్చిన నాలుగు చిప్పుల మీది అంకెలను పెట్రోలులో తడిపిన గుడ్డతో రుద్దాడు. ఒకదాని అంకె గుడ్డకు అంటుకుని వచ్చేసింది, దాని కింద వేరే అంకె బయటపడింది.

"సూసినావా, పేరు మార్చుకొని వచ్చినాడు," అన్నాడు.

"మిగతా మూడూ మంచివే కదా సాబ్?"

"అవి ఇంకా దొరకలే. అంతే."

ఆ దొరకని మూడింటితోనే నేను క్లాస్ డి అనే రకం ఆంప్లిఫయరు కట్టాను. మామూలు ఆంప్లిఫయరు సగం తెరిచిన కొళాయి వంటిది. స్పీకరుకు పోనివ్వకుండా అది ఆపి ఉంచిన శక్తి అంతా వేడిగా మారి వృథా అవుతుంది. నాది పూర్తిగా తెరుచుకుంటుంది, లేదా పూర్తిగా మూసుకుంటుంది, అదీ సెకనుకు అరవై వేల సార్లు. తెరిచి ఉన్న కాలానికీ మూసి ఉన్న కాలానికీ ఉండే నిష్పత్తిలో మనిషి గొంతు దాగి ఉంటుంది. చివరనున్న తీగచుట్ట ఆ కోతలను నునుపు చేసి స్పీకరుకు అందిస్తుంది. ఆస్పరి వైపు కరెంటు లేని పల్లెల్లో, కారు బ్యాటరీ మీద పాత సెట్టు మధ్యాహ్నానికే చతికిలబడితే, నాది పొద్దుగూకేదాకా పలికింది.

గఫార్ సాబ్ దాని వెనకవైపు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"ఏమప్పా ఇంజనీరూ, తిన్నోనికి ఒళ్లు యెచ్చబడాల గదా. ఇది కరెంటు తింటాండాది, ఒళ్లు మాత్రం సల్లగుండాది. తిన్నది యాడికి పోతాండాది?"

"స్పీకరుకే పోతుంది సాబ్."

"అట్లని అది సెప్పిందా, నువ్వు సెప్తాండావా?"

అంతలో పక్కనున్న టీ అంగడివాడు వచ్చి తన రేడియో ఈల వేస్తోందని గొడవకు దిగాడు. అది నా ఆంప్లిఫయరు చేసిన పనే, దాని కోతలు గాలిలోకి చిమ్ముతున్నాయి. "సూడు, మనింట్లో దొంగతనం చెయ్యలే, పక్కింట్లో చేస్తాండాది," అని గఫార్ సాబ్ ఆనాడంతా నవ్వాడు. రేకు డబ్బాలో మూసి ఆ ఈలను తగ్గించాను. పూర్తిగా పోలేదు.

సెట్టు మంచిచెడ్డలను ఆయన పాటలతో తేల్చేవాడు కాడు. "పాట తెలిసిందే గదా, సెవి దానంతట అదే పూరించుకుంటాది," అనేవాడు. ఆయన పరీక్ష మూడు అంకెలు: ఆరు, మూరు, నూరు. మాది కన్నడ సరిహద్దు, కన్నడం ఇంటి భాష అయినవారికి మూడంటే మూరే. సెట్టు మంచిది కాకపోతే మొదటి అక్షరం ఎగిరిపోయి మూడూ ఒక్కలాగే వినబడతాయి. ఆ అంకెలు రాసిన చీటీలు కలిపి, దారినపోయే మనిషిని పిలిచి చదివించి, తాను వీధి చివర వెనుదిరిగి నిలబడి విన్నది రాసుకునేవాడు. నా గొంతుతో చదవనిచ్చేవాడు కాడు. నేను నా సెట్టుకు అనుకూలంగా కాస్త గట్టిగా పలుకుతానని ఆయన అనుమానం. అది నిజమే కావచ్చు.

ఆ ఏడు ఎమ్మిగనూరులో ఒక బడి ఆవరణలో కంటి శిబిరం పెట్టారు. పొర తీయించుకునేవారు నూటికి పైగా వచ్చారు. కంట్లో చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. వాళ్లకు మిగిలింది చెవులే. మైకులో అంకె పిలిస్తే ఆ చీటీ మణికట్టుకు కట్టుకున్న మనిషి లేచి, తోడు వచ్చినవారి చెయ్యి పట్టుకుని లోపలికి పోవాలి. పొద్దున్నుంచే కరెంటు లేదు. మధ్యాహ్నానికి పాత సెట్టు బ్యాటరీ అయిపోయింది. మరో దారి లేక, తక్కువ కరెంటుతో నడిచే నా సెట్టును చిన్న బ్యాటరీ మీద పెట్టాం.

రక్తపోటు ఎక్కువగా ఉందని పొద్దున వెనక్కు పంపిన మూడో నంబరు మనిషిని నర్సమ్మ మళ్లీ పిలిచింది. ఆమెది బళ్లారి, మూడును మూరు అనే పిలిచింది. లేచి వెళ్లింది వేరే ముసలాయన. తలుపు దగ్గర చీటీలు చూడవలసిన కార్యకర్త భోజనానికి పోయాడు. ఎవరినీ నమ్మని గఫార్ సాబ్ మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు. ముసలాయన మణికట్టు పట్టుకుని చూస్తే చీటీ మీద నూరు. మూడో నంబరుది కుడి కన్ను, నూరో నంబరుది ఎడమ కన్ను. సూది మందు అప్పటికే సిద్ధంగా ఉంది.

"ఆపండి! పిలిసేది ఆపండి!" అని ఆయన అరిచాడు.

పెద్ద డాక్టరు బయటికి వచ్చాడు. "మైకు బాగాలేకపోతే తీసేయండి. మనుషుల్ని పంపి పిలిపిస్తాం."

"మనిసి నోరు బాగుండాదని ఎవురు సెప్పినారు సార్?"

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "సాబ్, నర్సమ్మగారిని మూరు అనకుండా మూడు అనమంటే సరిపోతుంది. అయిదు నిమిషాల పని."

"రోగమేందో తెలీకుండా మందేస్తావా? రేపు ఇంగో ఊర్లో ఇంగో అంకె తప్పితే?"

డాక్టర్ల జీపు బ్యాటరీ విప్పి తెచ్చి పాత సెట్టును లేపాం. నర్సమ్మ కలిపిన చీటీలు చదివింది, పాత సెట్టులో, నా సెట్టులో, ఉత్త నోటితో. షామియానా చివరి వరుసలో కళ్లు మూసుకున్న పదిమంది తమకు వినబడినది చెప్పారు. రెండు సెట్లలోనూ తప్పులు ఒక్కలాగే వచ్చాయి. ఉత్త నోటితో ఇంకా ఎక్కువ వచ్చాయి. తప్పు నా చిప్పులది కాదు, మూరుకూ నూరుకూ ఉన్న చుట్టరికానిది. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషంలో పొద్దు ఎంత వాలిందో చూడలేదు.

జీపు బ్యాటరీ తిరిగి బిగించేసరికి గంటన్నర గడిచిపోయింది. డాక్టర్లు ఆదోనిలో సాయంత్రం రైలు అందుకోవాలి. చివరి ముగ్గురికి వచ్చే శిబిరానికి రమ్మని చెప్పి చీటీలు విప్పారు. వారిలో నందవరం వైపు పల్లె నుంచి వచ్చిన ఈరమ్మ అనే ముసలామె, గఫార్ సాబ్ గొంతు గుర్తుపట్టి ఆ దిక్కుకు తిరిగింది.

"ఏమప్పా, మైకుకు బాగుండాదని తెలిసింది గదా? ఇంగ నేను సల్లగా ఇంటికి పోతా."

ఆదోనికి వచ్చే బస్సులో గఫార్ సాబ్ నా సెట్టును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇది మంచిదే," అన్నాడొకసారి. కానీ దుకాణంలో దాన్ని అద్దెకు ఇవ్వనివ్వలేదు, ఎందుకో చెప్పలేదు.

తరువాతి శిబిరానికి మేము డబ్బు తీసుకోకుండా మైకు పెట్టాం. ముగ్గురిలో ఇద్దరు వచ్చారు. ఈరమ్మ రాలేదు. గఫార్ సాబ్ ఎవరి మాటా నమ్మక తానే బస్సెక్కి ఆమె పల్లెకు పోయాడు. కూతురి దగ్గరికి పోయిందన్నారు. కూతురు ఉండేది సిరుగుప్ప దగ్గర అని ఒకరు, కాదు రాయచూరు అని ఇంకొకరు అన్నారు. రెండు చోట్లా వెతికి వచ్చాడు.

ఆయన తరువాత ఎన్నో ప్రయోగశాలల్లో పనిచేశాను. తేడా ఏమీ లేదని ఎవరైనా నివేదిక తెస్తే, ఎవరు చదివారు, ఎవరు విన్నారు, చీటీలు ఎవరు కలిపారు అని అడుగుతాను. అడిగిన ప్రతిసారీ, ఈ ప్రశ్న తేలేలోగా బయట ఎవరు కాచుకుని ఉన్నారని కూడా అడుగుతాను. రెండోది ఆయన నాకు చెప్పి నేర్పినది కాదు.

ఆ రోజు లెక్క ఇది. తప్పు కంటికి జరిగిన ఆపరేషన్లు లేవు. పరీక్షకు పట్టిన కాలం గంటన్నర. దోషం లేదని తేలిన ఆంప్లిఫయర్లు రెండు. ఆపరేషన్ కాకుండా ఇంటికి పోయినవారు ముగ్గురు. తిరిగి వచ్చినవారు ఇద్దరు. ఒకరి సంగతి తెలియదు.