రైఫిల్ కింద పెట్టిన మూట

మా ఊరి బంగారు గనులు ప్రభుత్వపరమయ్యాక నేను అక్కడ గార్డుగా పనిచేశాను. మా నాన్న భూమి లోపల పనిచేసి దగ్గి దగ్గి పోయాడు. నాకు పైన, ఎండలో నిలబడే ఉద్యోగం దొరికిందని మా అమ్మ కనబడిన దేవుడికల్లా దండం పెట్టేది. ఒక వానాకాలంలో ఆ ఉద్యోగానికే ఎసరొచ్చింది.

ఏడాదికోసారి మాకు కాల్పుల పరీక్ష ఉండేది. ఆ ఏడు నా గుండ్లన్నీ గురి బోర్డు పైఅంచు దాటి పోయాయి. ఆఫీసరు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "రైఫిల్ టెస్ట్ చేయండి. అది బాగుంటే ఈ మనిషిని డ్యూటీ నుంచి తీసేయండి" అని జీపెక్కాడు. డ్యూటీ పోతే క్వార్టర్సూ పోతుంది. పిల్లల్నీ ముసలి అమ్మనూ వెంటేసుకుని యాడికి పోవాలి? "కండ్లు ఏమైనా మసకలొచ్చినాయా?" అని నా భార్య మెల్లిగా అడిగింది. కస్సుమని లేచాను. నన్ను తింటున్న అనుమానమూ అదే మరి.

ఇంకో భయం కూడా ఉండేది, అది ఎవరికీ చెప్పుకోలేదు. రాయి పిండిచేసి బంగారం తీసే మిల్లు గోడెక్కి బంగారు మట్టి ఎత్తుకుపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. పిలిస్తే ఆగకపోతే కాల్చమని ఆర్డరు. వాళ్ళు ఎక్కడి నుంచో ఊడిపడలేదు, మా కార్మికుల ఇళ్ళ లైన్ల వాళ్ళే, పని దొరకని మగపిల్లలు. కాల్చాల్సి వచ్చినా గుండు తగలదులే అని, నా రైఫిల్ మీద నాకు నమ్మకం లేకపోవడమే అప్పట్లో నాకు కొంత ధైర్యం.

టెస్టు రోజు నేనూ, పటాలంలో పనిచేసి వచ్చిన మా హవల్దారూ ఇద్దరమే ఉన్నాం. చేతుల్లో పట్టుకుని కాలిస్తే తప్పు తుపాకిదో మనిషిదో తేలదు. దేనిమీదైనా కదలకుండా ఆనించి కాల్చాలి.

"ఆనించేది ఏదో నువ్వే చూసుకోప్పా. మళ్ళా నా మింద చెప్పొద్దు" అన్నాడు హవల్దారు.

తుపాకి ఆనించడానికి ఇసుక మూట కావాలి, మా ఊళ్ళో ఇసుక అంటే సైనైడ్ దిబ్బ ఇసుకే. బంగారం తీసేశాక మిల్లు పారబోసిన తెల్లటి పొడి, కొండలా పడి ఉండేది. ఊరికే దొరుకుతుంది కదా అని గోనెసంచుల్లో నింపి దేనికంటే దానికి వాడేవాళ్ళం. కాల్పుల పరీక్షలో రైఫిల్ ఆనించడానికి నా వంతుకు దక్కిన మూటనే మళ్ళీ తెచ్చాను. ఆ పరీక్షకు ముందే వానంతా దానిమీద కురిసింది, తర్వాత ఎండింది. రైఫిల్ గొట్టాన్ని దానిమీద పెట్టి కాల్చాను.

గుండు పైకి పోయింది. ఇంకొకటీ పైకే. అయిపోయిందిరా దేవుడా, సామాన్లు సర్దుకోవడమే అనుకుంటూ లేవబోతే మోచెయ్యి మూటకు కొట్టుకుని ప్రాణం పోయినంత పనైంది.

"ఏందప్పా ఇది, బండ మాదిరి ఉండాది!" అన్నాను.

హవల్దారు వేళ్ళతో తట్టి చూశాడు; తడిసి ఎండిన పొడి లోపల గడ్డకట్టుకుపోయింది. "గట్టిదాని మింద గొట్టం పెడితే ఎగిరి పడతాదప్పా. ఇంగ గుండు పైకి పోక యాడికి పోతాది?"

మూటమీద నా కంబళిని మందంగా మడిచి వేశాను. ఈసారి గొట్టాన్ని ఆనించలేదు, కింద ఉండే కట్టెభాగాన్ని ఆ మెత్తదనంలో కుదురుగా కూర్చోబెట్టాను. అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఇక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఇదీ తప్పితే కండ్లు పోయినట్టే. ఊపిరి బిగబట్టి, ఉన్న గుండ్లన్నీ కాల్చాను.

బోర్డు దగ్గరికి నడిచాను. చిల్లులన్నీ సరిగ్గా మధ్యలో, అరచేత్తో మూసేటంత చోటులో ఉన్నాయి. హవల్దారు నా వీపుమీద ఒక్కటి చరిచాడు. "నీ కండ్లకేం రోగం, గన్నుకేం రోగం! రేపటి నుంచి మిల్లు గోడ కాడ నువ్వే" అన్నాడు. నేనూ నవ్వాను. ఇల్లు నిలబడిందని ఏడుపు కూడా వచ్చింది.

ఇంటికి పోతుంటే లైను మలుపులో ఎదురింటివాళ్ళ కొడుకు సైకిల్ ఆపాడు. వాడు మిల్లు గోడెక్కుతాడని లైనంతా గుసగుసలాడేది.

"ఏం చిన్నాయనా, పాసైనావా?"

"పాసైనాను రా" అన్నాను. వాడు సంతోషంగా నవ్వాడు. నేను మాత్రం వాడి సైకిల్ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను.

"ఇంగ ఆ గోడ పక్కకు రావద్దురా నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా."