కూర్చున్న పాచిక

నాకు రోజూ దొరికే తీరిక పది నిమిషాలు. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తాను. పొద్దున తీసిన రక్తం గొట్టాలను సెంట్రిఫ్యూజులో పెట్టి మూత వేస్తే, అది గిర్రున తిరిగి ఆగడానికి పది నిమిషాలు పడుతుంది. ఆలోగా తోటివాళ్లు టీ తాగుతారు, ఫోన్లు చూసుకుంటారు. నేను బయట రిపోర్టులిచ్చే బల్ల దగ్గర కూర్చుని, గాడిదను తోలుకుంటూ నల్లమల ఎక్కుతాను.

ఇది ఒంటరిగా ఆడే ఆట. తీరిక లేనివాళ్లు తోడెవరూ అక్కర్లేకుండా, ఒక కాగితం, ఒక పెన్సిలు, ఒక పాచికతో ఆడుకునే కథల ఆటలున్నాయని ఒకసారి ఫోన్లో చూశాను. వాటిలోని కత్తులూ కోటలూ నాకు పట్టలేదు. నా కథ నేనే అల్లుకున్నాను. ఒక ఆడమనిషి, ఒక గాడిద, దాని మీద రెండు ఉప్పు మూటలు. అడవికి అవతల జరిగే సంతకు చేరాలి. రోజుకు ఒక్కసారి పాచిక వేయాలి. ఐదో ఆరో పడితే దారి సాఫీ. మూడో నాలుగో పడితే గండం గడుస్తుంది గానీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఒకటో రెండో పడితే ఒక ప్రాణం పోతుంది. ఉన్నవి మూడే ప్రాణాలు. పడిన అంకెను బట్టి ఆ రోజు ఏం జరిగిందో రెండు మూడు వాక్యాలు నోటుబుక్కులో రాసుకోవాలి. అంతే.

ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చి అని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆ ఉప్పామె లేకపోతే నేను రోజంతా సూదులూ సీసాలే. ఆమె మీద నాకు చెప్పలేనంత ప్రేమ. అప్పటికే రెండు ప్రాణాలు పోయి ఒక్కటి మిగిలింది. సరిగ్గా అప్పుడే నా ప్లాస్టిక్ పాచిక దొర్లి ఫ్రిజ్ కింద ఎక్కడో మాయమైంది.

ఆ ఆదివారం ఆళ్లగడ్డలో అమ్మతో ఈ మాట చెబుతుంటే, నులకమంచం మీద పడుకున్న నాయన విన్నాడు. విన్నట్టు కనిపించలేదు.

మా నాయన విగ్రహాలు చెక్కుతాడు. చెక్కేవాడు అనాలేమో, ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. రెండేళ్ల కిందట ఒక పల్లె గుడికి అమ్మవారిని చెక్కుతూ, అంతా అయిపోయి ఇక కళ్లు మిగిలాయనగా, ఉలి జారి ముక్కు కొస లేచిపోయింది. చిటికెన గోరంత పెచ్చు. అయినా ముక్కు విరిగిన అమ్మవారిని గుడిలో పెట్టరు. నాయన విగ్రహాన్ని షెడ్డులో గోడవైపు తిప్పి పెట్టించి, ఉలులన్నీ గోనెసంచిలో చుట్టేశాడు. చేతులు వణుకుతున్నాయన్నాడు. డాక్టరుకు చూపిస్తే చేతుల్లో ఏమీ లేదన్నాడు. ఆ పల్లెవాళ్లు వేరేచోట చేయించుకోకుండా, నువ్వే మళ్లీ చెక్కమని ఫోన్లు చేస్తే ఈయన ఎత్తేవాడు కాదు.

మరుసటి ఆదివారం నేను వెళ్లగానే చొక్కా జేబులోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టాడు. నల్లరాతి పాచిక. అద్దంలా నునుపు. చుక్కలన్నీ ఒకే లోతు.

"ఆడుకో పాపా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, మా అమ్మ అంతకుముందే ఏడ్చి ఉంది.

సోమవారం వేశాను. ఆరు. మంగళవారం ఆరు. బుధవారం కూడా ఆరు పడేసరికి పట్టి పట్టి చూశాను. ఆరుకు సరిగ్గా అడుగున వచ్చే ఒకటి ముఖం తక్కిన వాటికంటే వెంట్రుకవాసి వెడల్పు. దాని అంచులు పదునుగా వదిలి, పైవన్నీ గుండ్రంగా అరగదీశాడు. నలభై ఏళ్లు విగ్రహాలు చెక్కిన చేయి మరి. ఏది చెక్కినా కింద పీఠం ఉండాలి, పెట్టినచోట కదలకుండా నిలవాలి. మహానుభావుడు పాచికకూ పీఠం పెట్టాడు. ఎలా విసిరినా రెండుసార్లు దొర్లి, ఆరు పైకి చూసేటట్టు బుద్ధిగా కూర్చునేది.

నవ్వొచ్చి వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ నవ్వలేదు.

"మే, ఆయనకు చెప్పొద్దు. చెప్తే మళ్లీ ఉలి ముట్టడు. నిన్నట్నుంచి సంచిలో ఉలులన్నీ బయటికి తీసి నూరుకుంటాండాడు."

చెప్పలేదు. ఎంత పెద్దమనిషి వచ్చి బతిమాలినా రిపోర్టులో ఒక్క అంకె మార్చనిదాన్ని, ప్రతి ఆదివారం నాయన "ఎట్లుంది పాచిక?" అంటే "శానా బాగుంది నాయనా" అని చెప్పి వచ్చేదాన్ని. ఇంకో పాచిక కొనుక్కోవచ్చు. ఇది పక్కన పెట్టడానికి చేయి రాలేదు. అటు ఉప్పామెకు ఎదురు లేకుండా పోయింది. ఎలుగుబంటి తప్పుకుంది, వాగు ఇంకిపోయింది, గాడిదకు అలుపు రాలేదు. మూడు వారాలకల్లా నోటుబుక్కులో రాయడానికి ఏమీ మిగల్లేదు. రోజూ గెలవడం ఇంత విసుగని నాకు తెలియదు.

నాలుగో ఆదివారం నాయన, "నాకూ నేర్పిచ్చు, జూస్తా," అని షెడ్డులో బండ మీద కూర్చున్నాడు. పాచిక ఇంట్లో మర్చిపోయాననబోయాను. అది నా బ్యాగులోంచి కనిపిస్తూనే ఉంది.

వేశాడు. ఆరు. మురిసిపోయాడు. మళ్లీ ఆరు. మూడోసారి అది బండ మీద దొర్లి కూర్చోగానే ఆయన ముఖం మారింది. తీసి, బొటనవేలితో అడుగు తడిమాడు. వాకిట్లో అమ్మ చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పీఠం పెట్టినానే," అన్నాడు. తర్వాత నావైపు చూడకుండా, "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదటి వారం నుంచే."

"ఎందుకు చెప్పల్యా?"

"చెప్తే మళ్లీ ఉలి పట్టవేమోనని."

"ఎవురికన్నా రక్తంలో తేడా ఉంటే, బాధపడతారని బాగుందని రాసిస్తావా?"

ఆయన పాచికను జేబులో వేసుకుని లేచిపోయాడు. నేను వెళ్లొస్తానన్నా బయటికి రాలేదు. తిరుగు బస్సు శిరివెళ్ల దాటేదాకా అమ్మ మీద, నా మీద, ఆ దిక్కుమాలిన రాయి మీద కోపంతో ఉడికిపోయాను. శిరివెళ్ల దాటాక భయం పట్టుకుంది. రెండేళ్లకు తెరిచిన సంచిని నేనే మళ్లీ కట్టించానేమో.

అమ్మకు ఫోన్ చేయడానికి ధైర్యం చాల్లేదు. అమ్మా చేయలేదు.

గురువారం పొద్దున గొట్టాలు తిరగడానికి పెట్టి బయటికి వస్తే, రిపోర్టుల బల్ల దగ్గర మా నాయన. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు, గోళ్ల సందుల్లో రాతిపొడి. ఎవరికి బాగాలేదని అడిగాను.

"ఎవురికీ ఏం కాలేదులే. యాడ నీ బుక్కు?" అని తువ్వాలు కొసముడి విప్పాడు. ఐదు పాచికలున్నాయి. నాలుగు పక్కకు నెట్టాడు. "ఇవి బాగలేవు. ఒకటి అడ్డంగా పోతాంది, ఒకటి మూడే ఏస్తాంది. ఇది జూడు. రెండు దినాలు నేనూ మీయమ్మా ఏసి ఏసి, ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టుకున్న్యాం. ఎయ్యి."

వేశాను. నాలుగు.

"ఆరు పడల్యా గదా? ఇంకోసారి."

రోజుకు ఒక్కసారే వేయాలన్నాను. ఇంత దూరం బస్సులో వస్తే రూల్స్ చెప్తావా అన్నాడు. వేశాను. రాయి బల్లంతా దొర్లి, అంచుదాకా పోయి, ఎటు పడాలో తేల్చుకోలేనట్టు ఊగి ఆగింది. రెండు.

ఉప్పామెకున్న ఆ చివరి ప్రాణం పోయింది. ఆరు నెలలు నాతో నడిచిన మనిషి, సంత కనుచూపు మేరలో ఉండగా. నాకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది? పోయిందా?" నాయన బల్ల మీదికి వంగాడు.

"పోయింది నాయనా."

"పోయిందా!" అంటూ బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. రిపోర్టుల కోసం కూర్చున్నవాళ్లందరూ తలలు తిప్పి చూశారు. "అట్లుండాల! సరిగ్గొచ్చింది పాచిక, సరిగ్గొచ్చింది!"

లోపల సెంట్రిఫ్యూజు ఆగి కూతపెట్టింది. పనుంది, కాసేపు కూర్చో, క్యాంటీన్లో తిని పోదువు అన్నాను. ఆయన అప్పటికే ఖాళీ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"కూర్చుంటే కాదు పాపా. ఆ పల్లెటోళ్లకు నేనే ఫోన్ చేసినా. కొత్త రాయి దింపేకి మధ్యాన్నం వస్తాండారు."