హిందూపురంలో సరిచేసిన ముల్లు

1941. హిందూపురం బజారు వీధిలో నాది గడియారాలు బాగుచేసే చిన్న అంగడి. గోడ గడియారాలు, జేబు గడియారాలతోపాటు అప్పుడప్పుడు స్కూళ్ల లేబరేటరీ సామాన్లు కూడా వచ్చేవి. చేసిన ప్రతి పనినీ ఆ రోజే డైరీలో రాసుకునేవాణ్ణి. ఆ ఏడాది చివరి పేజీలు మాత్రం ఇప్పటికీ మళ్లీ మళ్లీ తిరగేస్తుంటాను.

దసరా వెళ్లాక ధర్మవరం నుంచి వన్నూరప్ప అనే అతను వచ్చాడు. అక్కడి పెద్ద చెరువులో పుట్టి నడుపుతాడు. వెదురుతో గుండ్రంగా అల్లి తోలు కప్పిన పడవ అది. చెరువు నిండితే అవతలి ఊళ్లవాళ్లు కట్ట చుట్టూ నడవలేక అందులోనే దాటివస్తారు. మునుపటి ఏడు గాలివానకు పుట్టి బోర్లాపడి అతని తమ్ముడు చనిపోయాడు.

"మాయమ్మ నన్ను నీళ్లలోకి పోనీదు సామీ. పుట్టి తాడు దాసిపెడ్తాది. ఓవర్సీరు బంగళాలో గోడకు ఒగ ముల్లు పెట్టె ఉండాది. గాలివాన ముందే చెప్తాదంట. అట్లాంటిది తక్కువలో ఒగటి చేసియ్యి."

"గుడిసెలో పెట్టుకుంటావా?"

"పుట్టిలోనే. నేనుండే తావే అదుండల్ల."

అతను అడిగింది బారోమీటర్. గాలి బరువు చెప్పే సాధనం. గాలివాన వచ్చే ముందు ఆ బరువు తగ్గుతుంది. పాదరసం గొట్టం రకం పుట్టి ఊపుకు నిలవదు. కాబట్టి అనిరాయిడ్ రకమే గతి. అందులో గాలి తీసేసిన పల్చటి రేకు డబ్బీ ఉంటుంది. బయటి గాలి బరువెక్కితే అది అణుగుతుంది, తగ్గితే ఉబ్బుతుంది. ఆ కదలిక ముల్లుకు అందుతుంది. యుద్ధం వల్ల కొత్తవి దొరకలేదు. బెంగుళూరు గుజరీలో, పాత సామాన్లు అమ్మే చోట, తుప్పుపట్టినదొకటి దొరికింది. లోపల తెగిన గొలుసు బదులు పాత జేబు గడియారం లోపలి సన్నటి గొలుసు వేశాను. టేకు పెట్టె చేసి, సందుల్లో మైనం నింపాను. గాలి ఆడటానికి చిన్న రంధ్రాలు పెట్టి, నీటి తుంపర పోకుండా గుడ్డ అంటించాను.

వన్నూరప్పకు చదువు రాదు. వెనకనున్న స్క్రూ తిప్పి ముల్లును నడుమకు తెచ్చి, దానికి కొంచెం ఎడమగా ఎర్రచుక్క పెట్టాను. మూడు వారాలు అంగట్లోనే ఉంచి పొద్దున, సాయంత్రం డైరీలో రాశాను. వానకు ముందు రెండుసార్లు ముల్లు చుక్క దాటి ఎడమకు దిగింది. నాకు పూర్తి నమ్మకం కుదిరింది. వన్నూరప్ప మళ్లీ వచ్చినప్పుడు పెట్టె చేతికిచ్చి చెప్పాను.

"ముల్లు చుక్క దాటి ఎడమకు పోతే పుట్టి తాడు ఇప్పొద్దు. కుడికుంటే పో."

"అంతేనా?"

"అంతేనప్పా."

పది రోజుల తర్వాత, పెనుకొండ హైస్కూలు వాళ్ల అనిరాయిడ్‌ను కూడా అట్లాగే సరిచేసి రైల్లో తీసుకుపోయాను. ఆ పొద్దున హిందూపురంలో ముసురు. ముల్లు నడుమ గీతకు ఎడమగా ఉంది. పెనుకొండ స్కూల్లో పెట్టె విప్పితే రెండు గీతలు కుడికి ఎక్కి కూర్చుంది. బయట చూస్తే గాలికి చెట్లు వంగిపోతున్నాయి. గాలివాన ముంచుకొస్తుంటే ముల్లు దిగాలి గానీ ఎక్కడమేమిటి?

సైన్సు అయ్యవారు నవ్వాడు. "హిందూపురం నుంచి దిగొచ్చినారు కదా సామీ. పల్లానికి వచ్చేకొద్దీ గాలి బరువెక్కువ. ఈడ మళ్లీ స్క్రూ తిప్పితే సరి."

ఆయనకది చిన్న మాట. నాకు కాదు. పెనుకొండకే రెండు గీతలైతే, ఇంకా ఎంతో పల్లంలో ఉన్న ధర్మవరానికి ఎన్ని? ఎంత గాలివాన వచ్చినా అక్కడ ముల్లు నా ఎర్రచుక్కను తాకదు. గడియారాన్ని ఏ ఊరికి తీసుకుపోయినా అదే టైము చెబుతుంది. ఇరవై ఏళ్లు ఆ లెక్కలో బతికినవాణ్ణి, ఇదీ అంతే అనుకున్నాను.

దొరికిన రైలెక్కాను. కిటికీలోంచి మబ్బు చూడటం తప్ప చేయగలిగింది లేదు. ధర్మవరంలో దిగి జట్కాలో చెరువు కట్టకు చేరేసరికి గాలి నిలబడనివ్వడం లేదు. కట్ట మీద ఒక ముసలామె కొంగు బిగించి నీళ్లకేసి చూస్తోంది. వన్నూరప్ప తల్లి అని జట్కావాడు చెప్పాడు. నడిచెరువులో పుట్టి గిరగిరా తిరుగుతోంది.

"ఎంతమంది ఉండారమ్మా?"

"ఎనమండుగురు. నువ్వెవరప్పా?"

"ఆ ముల్లు పెట్టె ఇచ్చినోణ్ణి."

ఆమె నా వైపు తిరగలేదు. "మబ్బు సూసి నేను వద్దంటి. వాడు ముల్లు సూపించె. నాకన్నా దానికే తెలుసంట. నా సేత్తో నేనే తాడు తీసిస్తి."

అల వచ్చినప్పుడల్లా పుట్టి కనిపించకుండా పోయేది. ఆమె మళ్లీ తలలు లెక్కపెట్టేది. లోపలివాళ్లు చెంబులతో నీళ్లు తోడిపోస్తున్నారు. ఎంతసేపో డైరీలో రాయలేదు. చివరికి కట్టకు ఇరవై గజాల దూరంలో వన్నూరప్ప తాడు విసిరాడు. నలుగురం పట్టి లాగాం. మూటలు పోయాయి గానీ మనుషులు ఎనమండుగురూ దిగారు.

వన్నూరప్ప వణుకుతూ పెట్టె నా ముందు పెట్టాడు. "సూడు సామీ, ఇంగా బాగుండాదనే చెప్తాండాది."

"పది దినాలుగా ఇట్లే ఉండిందా?"

"కొంచెం కదుల్తాది, కుడి పక్కనే. సెడిపోయిందేమోనని అడగల్లంటే సిగ్గాయ. సదువు లేనోడికి ఏం తెలుస్తాదిలే అనుకున్యా."

"నీది కాదప్పా తప్పు, నాది" అని అందరి ముందే చెప్పాను.

రెండు వారాలు సత్రంలో ఉండిపోయాను. పాత చుక్క గీకేసి, ముల్లును అక్కడే, ఆ కట్ట మీదే మళ్లీ సరిచేశాను. సాయంత్రాలు ఆ తల్లిని అడిగి, ఆమె మబ్బు చూసి చెప్పినది ఒక వైపు, ముల్లు చూపినది ఒక వైపు రాశాను. ఎక్కువ రోజులు రెండూ కలిశాయి.

"ముల్లు ఒగటి, మాయమ్మ ఒగటి చెప్తే?" అన్నాడు వన్నూరప్ప.

"పుట్టి ఇప్పొద్దు."

"అట్లయితే తాడు నాకాడే ఉంటాది" అంది ఆమె.

ఆ తర్వాత ఏ పని వచ్చినా, సామాను విప్పకముందే దాన్ని ఏ ఊళ్లో, ఎక్కడ పెడతారో అడిగి డైరీలో మొదటి వరుసలో రాసేవాణ్ణి. ఇచ్చి పంపేటప్పుడు ఇంకొక మాట కూడా చెప్పేవాణ్ణి: "అనుమానం వస్తే సిగ్గుపడొద్దు, వెంటనే రా."