ముందు పండు, తర్వాత కొలత

టైలర్ మాస్టారికి పండ్ల బండివాడు కమీషన్ ఇస్తాడని మీ చెవిన పడే ఉంటుంది. శుద్ధ అబద్ధం. ఆ బండివాడు ఈయన బేరానికి తట్టుకోలేక వీధే మార్చేశాడు. మాస్టారికి పిచ్చి పట్టిందన్న మాట కూడా నమ్మకండి. ఆయనకున్నది ఒకటే జబ్బు. ఎదుటి మనిషి పండు తినందే మెడలోంచి టేపు తియ్యడు.

"మాస్టారూ, చొక్కాకి కొలతలు..."

"ముందు జామపండు."

"తొందరగా వెళ్లాలండీ!"

"అయితే తొందరగా నమలండి."

పెళ్లికొడుకైనా, పోలీసైనా అంతే. లావుపాటి బ్యాంకు ఆఫీసరు ఎప్పుడూ ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని కొలతలిచ్చేవాడు. ఓసారి బొప్పాయి ముక్క నములుతూ ఆ సంగతి మరిచిపోయాడు. జన్మలో మొదటిసారి చొక్కా సరిగ్గా సరిపోయింది!

గుండీలకు కాజాలు కుట్టే అక్క కిటికీ పక్కన పీటమీద కూర్చుని ఇదంతా కలలోలా చూసేది. వేలాడే గుడ్డల్లోంచి వడగట్టుకుని వచ్చిన మధ్యాహ్నపు ఎండ, గదిని కాసేపు నీలంగా, కాసేపు పసుపుగా మార్చేది. మిషను జోలపాట పాడేది. కొత్త గుడ్డల వాసనలో నారింజ తొక్కల వాసన కలిసిపోయేది. ఆ మత్తులోనే అక్క తన వంతు పండు తినేసేది. రూలు రూలే కదా! పనిలో చేరినప్పటి చేతి వణుకు కొన్నాళ్లకి పోయింది, దారం ఒక్కసారికే సూదిలో దూరేది. కొత్త సూదుల మహిమ అనుకుంది.

ఇంతలో ఎదురుగా ఇంకో టైలరు కొట్టు వెలిసింది. అక్కడ పండు లేదు, ఫ్యాను ఉంది. గిరాకీ అంతా అటే దాటింది.

"అన్నయ్యా, మీ రూలు పాడుగాను! కొట్టు మూతబడితే నా గతేంటి?" అంది అక్క.

"కుదరదమ్మా" అంటూ ఆయన పండ్ల పళ్లెం ఆవిడ ముందుకి జరిపాడు.

అక్క వెళ్లి మాస్టారి భార్య దగ్గర మొరపెట్టుకుంది. "వదినా, మీరైనా చెప్పండి."

వదిన పకపకా నవ్వింది. "పిచ్చిదానా! పనిలో చేరిన కొత్తలో కళ్లు తిరిగి గుడ్డల మీద పడ్డావు, గుర్తుందా? ఏమైనా తినమంటే 'తినే వచ్చానన్నయ్యా' అన్నావు. నీకొక్కదానికే పెడితే నువ్వు ముట్టుకుంటావా? అందుకే వచ్చిన ప్రతివాడికీ రూలు పెట్టాడు."



మర్నాడు అక్క వస్తూనే మాస్టారి మెడలోంచి టేపు లాగేసుకుంది. పళ్లెం ఆయన ముందు పెట్టింది.

"ఇకనుంచి నా పండు నేనే అడిగి తింటాను. గిరాకీకి ఈ రూలు వదిలెయ్యండి. కానీ ముందు మీరు తినాలి."

మాస్టారు తెల్లమొహం వేశాడు. "నాకా? పండ్లంటే చిన్నప్పటినుంచీ పడదమ్మా!"

"రూలు రూలే అన్నయ్యా."

కళ్లు గట్టిగా మూసుకుని ఒక నారింజ తొన నోట్లో వేసుకున్నాడు. ఆముదం తాగిన పసివాడి మొహమే!

ఇప్పుడు గిరాకీ మెల్లగా వెనక్కి వస్తోంది. బ్యాంకు ఆఫీసరైతే బొప్పాయి ఇంటినుంచే తెచ్చుకుంటున్నాడు. మీరు అటువైపు వెళ్తే ఓసారి కొట్లోకి తొంగిచూడండి. మాస్టారు ఈ పూట పండు తిన్నాడా అని అడగండి. తిన్నానంటే మాత్రం నమ్మకండి. చొక్కా జేబు తడిమి చూడండి.